కరువు ఏడాది గడి

కలకత్తా,
శ్రావణ మాసం, వాన వెలవని రోజు

శ్రీచరణేషు మేజోమామా,

మీ పాదాలకూ సురమ మాసీ పాదాలకూ దండాలు. తమ్ముడికీ చెల్లెలికీ అమ్మ ఆశీస్సులు చెప్పమంది. నేను క్షేమమే. క్షేమమంటే తుమ్ములు తప్ప వేరే జబ్బేమీ లేదని. నేను చేసే పరిశోధన ఏమిటో అమ్మకు ఇప్పటికీ అర్థం కాలేదు. మొన్న ఆసన్‌సోల్‌లో పక్కింటావిడతో ‘మా అమ్మాయి కలకత్తాలో పాత కాగితాలు ఏరుతోంది’ అని చెప్పిందట. అందులో తప్పేమీ లేదు.

పురూలియా జిల్లాలో కూలివాళ్ల ఇళ్లలో మనిషికి నెలకు ఎంత ధాన్యం తిన్నారు, కూలి ఎంత వచ్చింది, బియ్యం ఏ ధర పలికింది అనేవి నలభై ఏళ్లపాటు ఒకే వరసలో పేర్చాలి. ఇంతే నా పని. వినడానికి దండ గుచ్చినంత తేలిక. మొదలుపెట్టాక తెలిసింది, కొన్నేళ్లు సేర్లలో ఉన్నాయి, కొన్నేళ్లు కిలోల్లో. మొదట్లో మన జిల్లా బీహార్లో ఉండేది కాబట్టి ఆ అంకెల కోసం పాట్నా పోయాను. అక్కడ పుస్తకం ఉంది, కావలసిన పేజీలు లేవు. ఇక్కడ లైబ్రరీలో పేజీలున్నాయి, చెదలు సగం అంకెలు తినేశాయి. ఒక అంకె మూడో ఎనిమిదో తేలక నేనూ ప్యూనూ చాలాసేపు వాదించుకున్నాం. చివరికి ఆయనే గెలిచాడు, ఎందుకంటే తాళాలు ఆయన దగ్గర ఉన్నాయి.

ఇంత చేసినా ఒక్క ఏడాది దగ్గర ఆగిపోయాను. మీరు మాన్‌బజార్ చుట్టుపక్కల సర్వే చేసే రోజుల్లో వచ్చిన ఆ పెద్ద కరువు ఏడాది. పట్టికలో ఆ గడి ఖాళీ. కింద సన్న అక్షరాల్లో ఒక మాట ఉంది: ‘రెండు సగాల ఫలితాలు అనుమానించదగినంత దగ్గరగా ఉన్నందున ఈ జిల్లా లెక్కలు వాడలేదు.’ దీనర్థం ఏమిటి మామా? ఆ ఏడు లెక్కలు రాసినవాళ్లలో మీరూ ఉన్నారు కదా. ‘నీకు కావలసినదంతా నా తమ్ముడి తలకాయలో ఉంది, లైబ్రరీలెందుకు’ అని అమ్మ అంటోంది. అందుకే ఆ తలకాయ తలుపు తడుతున్నాను.

మీ
శర్బరి


మాన్‌బజార్,
భాద్రపదం

కల్యాణీయాసు శర్బరీ,

నీ ఉత్తరం చేరింది. ప్యూనుతో వాదించకు. నేను పదవీ విరమణ చేసేదాకా ప్యూనుతో మంచిగా ఉండబట్టే నాకు జీతం సమయానికి వచ్చేది.

అడిగావు కాబట్టి చెబుతున్నాను. మా ఆఫీసులో ఒకే పనికి ఇద్దరిని పంపేవారు. ఇద్దరికీ వేరువేరు ఊళ్లు. పని జరిగినన్నాళ్లు లెక్కల సంగతి ఒకరితో ఒకరు అనకూడదు. టీ కొట్టులో పక్కపక్కన కూర్చున్నా వాన గురించి, ఫుట్‌బాల్ గురించే మాట్లాడుకోవాలి. ఆఖర్న రెండు సగాలూ కలకత్తాలో పక్కపక్కన పెట్టి చూసేవారు. కాస్త తేడా ఉండాలి, ఎందుకంటే ఊరికీ ఊరికీ, ఇంటికీ ఇంటికీ తేడా ఉంటుంది. మరీ తేడా వస్తే ఎవడో చెట్టు కింద కూర్చుని రాశాడని అర్థం. అసలు తేడాయే లేకపోతే ఒకడిది చూసి ఇంకొకడు రాశాడని అర్థం. ఆ ఏడు తేడా రాలేదు. అంతే సంగతి.

కాగితాలేవీ మిగల్లేదు, వెతకకు. ముందు ఏడూ తరువాతి ఏడూ కలిపి సగటు తీసి ఆ గడిలో పెట్టు. అందరూ అదే చేస్తారు. నలభై ఏళ్లలో ఒక్క ఏడాదిని ఎవరు చూస్తారు?

ఇక్కడ పైరు బాగుంది. పూజ సెలవులకు రా.

ఆశీస్సులతో
మేజోమామ

శర్బరీ, ఇది మాసీ రాస్తున్నా, కవరు అంటించేముందు. నీ ఉత్తరం వచ్చిన దగ్గర్నుంచి మామ అన్నం సరిగా తినడం లేదు. ఆ సంగతి మళ్లీ ఎత్తకమ్మా.


కలకత్తా,
ఆశ్వయుజం, పూజలు దగ్గరపడ్డాయి

శ్రీచరణేషు మేజోమామా,

మాసీ మాట వినాలనే అనుకున్నాను. వారం ఆగాను కూడా. నా వల్ల కాలేదు.

మా గైడు గారు కూడా మీరన్నదే అన్నారు. ‘సగటు పెట్టి ముందుకు పో, ఫాల్గుణంలోగా సమర్పించాలి’ అన్నారు. పెట్టి చూశాను. ముందు ఏడు పంట బాగుంది. తరువాతి ఏడు సర్కారు గింజలు వచ్చాయి. ఆ రెండిటి సగటు పెడితే గీత నున్నగా, ఎక్కడా జారకుండా పోతోంది మామా. కరువు ఏడాదిలో పురూలియా కూలివాళ్లంతా కడుపునిండా తిని పడుకున్నట్టు ఉంది. ఆ ఏడే కదా తాతగారి ఎడ్లు రెండూ పోయింది? ఆ ఏడే కదా పొయ్యి వెలిగించని ఇళ్లముందు జనం ఊరికే కూర్చునేవారని అమ్మ చెప్పేది? నా చేత్తో ఆ ఏడాదిని చెరిపేస్తున్నట్టనిపించి ఆ కాగితం చింపేశాను.

మీ సగం మీకు గుర్తుండే ఉంటుంది. ఆ రెండో సగం రాసినదెవరు? ఆయన ఉంటే వెళ్లి అడుగుతాను. అమ్మను అడిగితే ‘ఆ పేరు మా ఇంట్లో ఎవరూ పలకరు’ అని, వెంటనే కూర మాడుతోందని వంటింట్లోకి పోయింది. కూర మాడలేదు. ఆ వేళ మేం పెరుగన్నం తిన్నాం.

కోపం వస్తే తిట్టండి, కానీ చెప్పండి.

మీ
శర్బరి


మాన్‌బజార్,
కార్తీకం

శర్బరీ,

మీ అమ్మ పోలిక నీకు ముక్కులో వచ్చిందనుకున్నాను, మొండితనంలో కూడా వచ్చింది. సరే, విను. విని వదిలెయ్యి.

వాడి పేరు అనాది సరఖేల్. ఒకే రోజు ఉద్యోగంలో చేరాం. నాకు కాంసాయి నదికి ఈవలి ఊళ్లు, వాడికి ఆవలి ఊళ్లు. ఎండలో గొడుగు వేసుకుని సైకిల్ తోసుకుంటూ పోయేవాడు. వాడంత నవ్వించే మనిషిని మళ్లీ చూడలేదు. మీ సురమ మాసీని వాడికిస్తామని మాటిచ్చాం. ఫాల్గుణంలో ముహూర్తం. అప్పటికి కరువు కాబట్టి పదిమందికే భోజనాలని కూడా అనుకున్నాం.

పని మధ్యలో ఒక మధ్యాహ్నం మా ఇంటికి భోజనానికొచ్చాడు. నేను తిని సంతకు పోయాను, వాడు ఎండ తగ్గేదాకా ఉన్నాడు. నా సంచీ, వాడి సంచీ ముందుగదిలో ఒకే కొక్కేనికి వేలాడుతున్నాయి. రెండు నెలలకు కలకత్తా నుంచి పిలుపొచ్చింది. రెండు సగాలూ ఒక్కటే. ఎవరు ఎవరిది చూసి రాశారని అడిగారు. నేను నిప్పులాంటి ఎండలో ఇల్లిల్లూ తిరిగి రాశాను. నేను రాసింది నిజమని నాకు తెలుసు. నాది నిజమైతే దొంగ ఎవరు? లెక్క తేలికే కదా. ‘నాది నాదే, అతని సంగతి నాకు తెలియదు’ అన్నాను. వాడు కూడా అచ్చంగా అదే మాట అన్నాడట. నాది అప్పటికే పర్మనెంటు. వాడిది తాత్కాలికపు ఉద్యోగం, వాణ్ణి తీసేశారు.

పేదవాళ్ల నోటి కూడు గురించి దొంగ లెక్క రాసినవాడికి చెల్లిని ఇవ్వనన్నాను. సంబంధం విరిగింది. తరువాత మూడు సంబంధాలు తెచ్చాను, మీ మాసీ తల ఊపలేదు. చెల్లికి పెళ్లి కాకుండా నాకెందుకని నేనూ పెళ్లి చేసుకోలేదు.

ఇప్పుడు తెలిసిందా ఆ గడి ఎందుకు ఖాళీయో? సగటు పెట్టు.

మేజోమామ


పురూలియా టౌను, బస్సుస్టాండు పక్క హోటలు,
పుష్యం

శ్రీచరణేషు మేజోమామా,

మీకు చెప్పకుండా ఇంత దగ్గరకు వచ్చి ఇంటికి రాకుండా ఉత్తరం రాస్తున్నందుకు క్షమించాలి. ఎదురుగా కూర్చుని ఈ మాటలు చెప్పే ధైర్యం నాకు లేదు.

కాంసాయి ఆవల కుసుమ్‌డీ అనే సంతాలు గిరిజనుల ఊరికి పోయాను. అక్కడ పానమణి అని ఒక ముసలామె ఉంది. గోడకు పేడ అలుకుతోంది. కరువు ఏడు లెక్కలు రాయడానికి ఎవరైనా వచ్చారా అని అడిగాను. చెయ్యి ఆపకుండానే చెప్పింది.

“గొడుగు బాబేనా? రాకేం, వచ్చిండు. ముప్పై రోజుల్ల ఏం తిన్నరు, ఎంత తిన్నరు అని ఒక్కో ఇంట్ల కూసొని అడిగిండు. ఏం చెప్తం? బియ్యం లేవన్నం. మొక్కజొన్న లేదన్నం. నత్తలూ చేమాకులూ అన్నం. పక్కింట్ల అదే, ఆ పక్కింట్ల అదే. ముందటి ఏడు మా ఊరి పెద్ద, ముఖియా ఇంట్ల మూడు పూటలా అన్నమే, మాకు ఒక పూట గంజి. ఆ ఏడు ముఖియా పెళ్లాం కూడా నాతోపాటే చెరువుల నత్తలేరింది. సిగ్గుపడి మొహం తిప్పుకుంది గానీ నేనేం అనలే. ‘అందరూ ఒకటే చెప్తే నన్ను నమ్మరు తల్లీ’ అన్నడు బాబు. నేను నవ్విన. ‘వేరే చెప్పాలంటే వేరే తినాలి గదా బాబూ’ అన్న.”

ఆ మాట విన్నాక నాకు లెక్క తెలిసింది మామా. మంచి ఏళ్లలో ఇంటికీ ఇంటికీ తేడా ఉంటుంది, అందుకే రెండు సగాలకూ తేడా వస్తుంది. ఆ ఏడు ఎవరి ఇంట్లోనూ ధాన్యమే లేదు. మీరు నదికి ఈవల రాశారు, ఆయన ఆవల రాశారు. ఆకలి రెండు వైపులా ఒక్కటే అంకె చెప్పింది. మీ ఇద్దరిలో ఒకరి సంచీ ఇంకొకరు తెరవలేదు. తేడా లేకపోతే చూసి రాసినట్టేనన్న నియమం చేసినవాళ్లకు అటువంటి ఏడాది ఒకటి వస్తుందని తోచలేదు.

పానమణి ఇంకొక మాట చెప్పింది. ఉద్యోగం పోయాక ఆయన మళ్లీ ఆ ఊరు వచ్చారట. “‘మీరు నాకు నిజమే చెప్పారా, లేక అందరూ కూడబలుక్కుని చెప్పారా’ అని మళ్లీ ఇల్లిల్లూ అడిగిండు. మేం కోప్పడలే. మనిషి సగమైపోయి ఉండె.”

ఆయన ఇప్పుడు బాందోయాన్ సంతలో విత్తనాలమ్ముతారని ఆమే చెప్పింది. వెళ్లాను. కళ్లలో శుక్లాలు, గింజల్ని వేళ్లతో తడిమి రకం చెబుతున్నారు. మీ మేనకోడల్నన్నాను. చేతిలోని గింజల్ని మళ్లీ బస్తాలో పోశారు. తరువాత అన్నారు: “మీ మామ క్షితీశ్‌ను నేను ఎప్పుడో క్షమించానమ్మా. ఇంటి బరువంతా వాడి మీదే, వాడి ఉద్యోగం పోతే ఇల్లంతా పస్తుండాలి. ఆ మధ్యాహ్నం నా సంచీ వాళ్లింట్లోనే ఉంది. చూసి ఉంటాడు. పోనీలే అనుకున్నా.”

ఇన్నేళ్లుగా ఆయన మీరు చెయ్యని తప్పుకు మిమ్మల్ని క్షమిస్తూ బతికారు మామా. పానమణి మాట చెప్పాను. ఆయన బేరానికి వచ్చినవాళ్లను పంపేసి, బస్తాల మూతులు కట్టేశారు.

ఆయనకు భార్య, ఇద్దరు కొడుకులు, ఒక మనవరాలు. మాసీ పేరు ఆయన ఎత్తలేదు. నేనూ ఎత్తలేదు.

మీ
శర్బరి


మాన్‌బజార్,
మాఘం

తల్లీ శర్బరీ,

నీ ఉత్తరం సురమకు ఇవ్వకూడదనుకున్నాను. పోస్టుమాన్ ఆమె చేతికే ఇచ్చి పోయాడు. చదివింది. మడిచి నా మంచం మీద పెట్టింది. పప్పు పోపు వెయ్యడానికి వెళ్లింది. ఆ రోజు పప్పులో ఉప్పు లేదు. ఇద్దరం అలాగే తిన్నాం.

నీకు చెప్పనిది ఒకటుంది. ఆ రోజుల్లోనే సురమ నాతో చెప్పింది. ‘అన్నయ్యా, నువ్వు సంత నుంచి వచ్చేదాకా ఆయన వెనక వసారాలో నాతోనే మాట్లాడుతూ కూర్చున్నాడు, ముందుగదిలోకి వెళ్లనే లేదు’ అంది. ఇరవై రెండేళ్ల పిల్ల, పెళ్లి కాకుండా అంతసేపు వాడితో కూర్చున్నానని తన నోటితో చెప్పింది. అలా చెప్పడానికి దానికి ఎంత కష్టమైందో నేను చూడలేదు. ‘ఈ మాట ఇంకొకసారి అంటే నాలుక కోస్తాను’ అన్నాను. మళ్లీ అనలేదు. నేను రాసింది నిజమన్న గర్వం తప్ప ఆ వేళ నాకు ఇంకేమీ వినపడలేదు. చెల్లెలి మాట కంటే కలకత్తా ఆఫీసు నియమం నాకు గొప్పదైంది.

అనాదిని మన ఇంటికి రమ్మని రాశాను. మొదటిది చింపేసి మళ్లీ రాశాను. వస్తానని ఎవరిచేతో రాయించాడు. వచ్చాక ఏం మాట్లాడాలో నాకు తెలియడం లేదు.

మామ


కలకత్తా,
ఫాల్గుణం మొదట్లో

శ్రీచరణేషు సురమ మాసీ,

ఈ ఉత్తరం నీకే రాస్తున్నాను, మామకు కాదు. నేను తవ్వకపోతే బాగుండేదా మాసీ? రోజూ అదే అనుకుంటున్నాను. నిద్ర పట్టడం లేదు.

గైడు గారు ఆఖరి తేదీ ఇచ్చారు. ఆ గడిలో ఏదో ఒకటి పెట్టమంటున్నారు. ఖాళీ గడి ఉంటే పరీక్షకులు పని పూర్తికాలేదంటారట, వెనక్కి పంపినా పంపుతారట. వాళ్లిద్దరి మనసూ తెలిసినదానివి నువ్వే. ఏం పెట్టను?

అనాది బాబు వచ్చి వెళ్లారా? మామ ఒక్క ముక్కా రాయలేదు.

మీ
శర్బరి


మాన్‌బజార్,
ఫాల్గుణం, మోదుగులు పూసిన రోజులు

అమ్మా శర్బరీ,

నాకు ఉత్తరాలు రాసే అలవాటు లేదు. తప్పులుంటే నవ్వుకో.

ముందు నీ పని సంగతి. ఆ గడిలో సగటు పెట్టకు. ఇంకేదీ కూడా పెట్టకు. ఖాళీగా ఉంచి, కింద ఆ పాత సన్న అక్షరాలు కొట్టేసి వేరే మాట రాయి. ఇద్దరూ ఒకరిది ఒకరు చూడకుండానే రాశారని, అందరి ఇళ్లలో ఒకటే ఉందని రాయి. వెనక్కి పంపితే పంపనీ. మళ్లీ ఇస్తువుగాని. నువ్వు తవ్వడం తప్పు కాదు. ఆయన దొంగ కాదని నాకు మొదట్నుంచీ తెలుసు, ఇప్పుడు ఇంకొకరికి కూడా తెలిసింది. అదే చాలు నాకు.

ఆయన వచ్చారు. మీ మామ పొద్దుటి నుంచి బస్సుస్టాండులోనే ఉన్నాడు. చెయ్యి పట్టుకుని తీసుకొచ్చాడు. మనిషి చాలా చిక్కిపోయారు, జుట్టంతా తెలుపు. వసారాలో చాప వేశాను. ఇద్దరూ ఎదురెదురుగా కూర్చున్నారు. తరువాత మీ మామ అడిగాడు, “అనాదీ, నీ వైపు ఊళ్లలో ఏం తిన్నార్రా?” అని. ఆ ఏడు అడగకూడని ప్రశ్న కదా అది.

“నత్తలు. చేమాకులు. నీ వైపు?”

“ఇప్పపువ్వు ఉడకేసుకున్నారు. అది అయిపోయాక గడ్డిగింజలు.”

“నేనూ గడ్డిగింజలు రాశాను. మా ఆఫీసరు కొట్టేశాడు, అది ధాన్యం కాదన్నాడు.”

“నాదీ కొట్టేశాడ్రా.”

అంతే, ఇద్దరూ ఒకరి భుజం మీద ఒకరు పడి ఏడ్చారు. ముసలివాళ్లు అలా ఏడుస్తుంటే నేను వంటింటి తలుపు దగ్గర నిలబడిపోయాను. మాడు వాసన వస్తే గానీ పొయ్యి గుర్తు రాలేదు.

మినప్పప్పు, గసగసాల కూర, చేపల పులుసు చేశాను. గసగసాల కూరలో పచ్చిమిర్చి ఎక్కువ వేస్తే ఆయనకిష్టం. అలాగే వేశాను. రెండోసారి అడిగి వేయించుకున్నారు. విస్తరి దగ్గర వంగి వడ్డిస్తున్నప్పుడు నా వైపు తలెత్తారు. శుక్లాలు కదా, ఎదురుగా ఉన్నది మనిషని తప్ప ఇంకేం తెలియదనుకుంటాను. నేను ఒక్క మాటా మాట్లాడలేదు. మాట్లాడితే గొంతు గుర్తుపడతారేమోనని ఒకసారి భయపడ్డాను, గుర్తుపట్టరేమోనని ఒకసారి.

బయల్దేరేముందు గుమ్మం దగ్గర ఆగి నాకు చేతులు జోడించారు.

“వదినగారూ, భోజనం చాలా బాగుంది. ఇన్నేళ్లు మా క్షితీశ్‌ను జాగ్రత్తగా చూసుకున్నారు. మీకు రుణపడి ఉంటాను” అన్నారు.

పెళ్లైనవాళ్లు పెట్టుకునే సిందూరం నా పాపిటలో లేదన్న సంగతి ఆయనకు కనిపించలేదు. మీ మామ నోరు తెరిచాడు. నేను వద్దని తల ఊపాను. ఆయనకు ఇల్లుంది, మనవరాలుంది. ఇప్పుడు తెలిస్తే ఆ మనిషి బస్సు ఎక్కగలడా చెప్పు. నేను కూడా చేతులు జోడించాను.

మీ మామ ఆయన్ను బస్సెక్కించి వచ్చి, చెప్పులు విప్పకుండానే గుమ్మంలో కూర్చున్నాడు. బస్సుస్టాండులో ఆయన అడిగారట, “సురమను ఎక్కడిచ్చావురా? బాగుందా?” అని.

“దగ్గర్లోనే ఉంది, బాగుంది అన్నాను సురమా. ఇంకేం అనడానికీ నోరు రాలేదు. తప్పు చేశానా?” అన్నాడు.

లేదన్నాను. చెప్పులు తీసి పక్కన పెట్టి, కాళ్లు కడుక్కోమని నీళ్లిచ్చాను.

మాసీ